వాలు వాకిట్లో పెళ్ళి ముగ్గు

మొన్న ఆదివారం మా మేనకోడలి కూతురు నా పక్కన కూర్చుని, ఫోన్లో ఉన్న ఒక చుక్కల ముగ్గు బొమ్మను వేలితో పట్టుకుని పక్కకు లాగింది. ఆ బొమ్మంతా, ఒక్క చుక్క కూడా మొరాయించకుండా, గాలికి వాలిన చెరుకుతోటలా ఒకే వాటంగా వాలిపోవడం చూసి నేను పక్కున నవ్వాను. ఎందుకు నవ్వావని అడిగింది కదా అని తమిళనాడు ధర్మపురిలో మా అన్న పెళ్ళినాటి సంగతి మొదలుపెడితే, సగంలోనే ‘అవ్వ మళ్ళీ కోతలు కోస్తోంది’ అంటూ లేచిపోయింది. అందుకని మీకు చెబుతున్నాను. కిరసనాయిలు లాంతరు చేత్తో పట్టుకుని తిరిగిన వయసువాళ్ళు కాబట్టి మీరైనా కూర్చుని వింటారు. నేను చెప్పేదాంట్లో పావు వంతు అబద్ధమని మా ఇంట్లో ఒక పేరుంది. ఏ పావో మీరే తేల్చుకోండి.

ఎనభైల్లో మా ఊరి కాలేజీలో లెక్కల బీయస్సీ చదివిన ఆడపిల్లలం బహు కొద్దిమందిమి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పుస్తకంలో ఇంగ్లీషు. అందువల్ల లీనియర్ ట్రాన్స్‌ఫర్మేషన్ అనేదాన్ని తెలుగులో ఏమంటారో నాకు ఎవరూ చెప్పలేదు గాని, దాని గుట్టు మాత్రం మా ఇంటి నులక మంచం చెప్పింది. మంచం కోళ్ళు వదులై చట్రం పక్కకు వాలితే, నులకలోని గడులన్నీ దాంతోపాటే, ఒకే తీరుగా వాలతాయి కదా, అదే సంగతి. పక్కకు వేసే ఒక అడుగు ఎక్కడికి పోతుంది, ముందుకు వేసే ఒక అడుగు ఎక్కడికి పోతుంది, ఈ రెండూ చెబితే చాలు, లోకంలో ఉన్న చుక్కలన్నీ ఎక్కడికి పోతాయో తేలిపోతుంది అని మా సారు చెప్పినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఆ రెండు జవాబులనూ రెండు నిలువు వరసలుగా పక్కపక్కన నిలబెట్టి బ్రాకెట్లు తగిలిస్తే అదే మాట్రిక్స్. నిలువు వరసలు అని ఆయన గట్టిగానే చెప్పినట్టున్నాడు. నేనే ఆ రోజు కిటికీలోంచి సేలం బస్సు వైపు చూస్తూ ఉన్నాను.

సేలం అంటే నాకు అంత మక్కువ, ఎందుకంటే ఎమ్మెస్సీ అక్కడే ఉంది. మా నాయన కాదనలేదు, అవుననలేదు. ఆయనకు అంగడిలోనూ ఇంట్లోనూ కుడిభుజంగా ఉన్న మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు, మాత్రం నన్ను చూసినప్పుడల్లా ఒకటే పాట.

“అంగడికి చాలినంత లెక్క వచ్చేసినాది కదమ్మే, ఇంక సేలం పోయి ఏమి కొలుస్తావు?”

“మన వాకిలి కొలుస్తాను మామా,” అన్నాను ఒకనాడు ఉండబట్టలేక.

మా వాకిలి సంగతి చెప్పాలి. మా తాత, ఆయన తమ్ముడు ఇల్లు పంచుకున్నప్పుడు వీధి వంపు వల్ల మధ్య గీత వాలుగా పడింది. దాంతో మా వాకిలి నలుచదరంగా కాక, ఎవరో పక్కనుంచి తోసినట్టు ఓరగా ఉండేది. గీతకు ఎడమవైపు ఇంట్లో ఉండే మా చిన్నవ్వ, అంటే ఆ చిన్నతాత భార్య, ఆ ఓర ముక్క తనకే రావాలని అలిగి మాతో మాటలు మానేసింది. మాటలైతే మానింది గాని, రోజూ పొద్దున్నే తన వాకిట్లో కళ్ళాపి చల్లి, ముగ్గుపిండితో ఆ వాలు గీతను మాత్రం కొత్తగా గీసి లోపలికి పోయేది. ఒకప్పుడు ఈ ఇళ్ళలో పెళ్ళి జరిగితే రెండు గడపలకూ కలిపి ఒకే ముగ్గు వేసేవారట, గడప దాకా ముగ్గు వచ్చిందంటే పిలుపు అందినట్టేనట. గీత పడ్డాక మా వైపు ఎవరు పెద్ద ముగ్గు వేసినా ఒక మూల కత్తిరించినట్టు తెగిపోయేది.

పెళ్ళిముగ్గు ఇంటి ఆడబిడ్డ వెయ్యాలి కాబట్టి అన్న పెళ్ళికి ఆ పని నాది. పూర్తి ముగ్గును వాకిలితోపాటే ఓరగా వాల్చి, తెగకుండా పట్టిస్తానని మామతో పందెం వేశాను. ఒక్క చుక్క గీత దాటితే సేలం మాట ఎత్తకూడదని ఆయన అన్నాడు, సరేనన్నాను. మా నాయన తమలపాకులకు సున్నం రాసుకుంటూ తల ఊపాడు. అంటే ఆయన కూడా ఆ తీర్పుకు కట్టుబడ్డాడన్నమాట.

లెక్క చాలా సులభం. గోడ వెంబడి వేసే అడుగు గోడ వెంబడే పోవాలి, వీధి వైపు వేసే అడుగు వీధి వైపు పోతూ సగం అడుగు కుడికి జరగాలి. ఈ రెండు జవాబులనూ రాసుకున్నాను. అయితే అంగడి ఇంట్లో పుట్టినదాన్ని, సరుకు పేరు నుంచి ధర దాకా ఏది రాసినా అడ్డంగా రాసే చెయ్యి నాది. నిలువుగా నిలబెట్టవలసిన రెండు జవాబులనూ ఒకదాని కింద ఒకటి అడ్డంగా పడుకోబెట్టాను. దాంతో వాలవలసిన అడుగు నిటారుగా, నిలవవలసిన అడుగు ఓరగా తిరగబడ్డాయి. ఆ సంగతి తెలియక చుక్కలన్నిటికీ చోట్లు లెక్కగట్టేశాను.

పెళ్ళిరోజు తెల్లవారుజామున కరెంటు లేదు. నేను కొలకర్రతో చోటు చూపిస్తుంటే మా పిన్ని కూతురు చుక్కలు పెడుతూ వచ్చింది.

“అక్కా, చుక్క చిన్నవ్వ వాకిట్లోకి పోతాండాదే!”

“నీ కండ్లని నమ్మొద్దు, లెక్కని నమ్ము. పెట్టు.”

పెట్టింది పాపం. తెల్లారేసరికి ఒక మూల చిన్నవ్వ మెట్లెక్కి గడపను ముట్టుకుంటూ ఉంది, దానికి ఎదురు మూల వీధి దాటేసింది. బొమ్మిడి బస్సు డ్రైవరు ముగ్గు తొక్కలేక బండిని వెనక్కి నడిపించుకుంటూ బస్‌స్టాండు దాకా పోయాడని నేను అంటే మా అన్న ఇప్పటికీ ఒప్పుకోడు.

మామ నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. “ఏమమ్మే, ఇది ముగ్గా, ఊరేగింపా? సేలంకి నువ్వెందుకు, నీ ముగ్గే నడిచి పోతాండాది!”

ముహూర్తం పూట రెండిళ్ళకూ రచ్చ అవుతుందని అమ్మ బిందెడు నీళ్ళు తెచ్చింది. నాకు ముగ్గు కనబడలేదు, కళ్ళనిండా నీళ్ళే. అంతలో చిన్నవ్వ తలుపు తెరుచుకుంది.

“ఎవురది, నీళ్ళు పొయ్యొద్దు! పెండ్లిముగ్గు నా గడపకి వచ్చుంటే తుడుస్తారా?”

లోపలికి పోయి, పట్టుచీర కట్టుకుని, ముగ్గు అంచు చెరగకుండా నడుచుకుంటూ మా ఇంట్లోకి వచ్చింది. మా నాయన గబగబా ఎదురెళ్ళాడు. కాళ్ళకు మొక్కి, నీకేమి కావాలో అడుగు చిన్నమ్మా అన్నాడు.

“చీరలు నాకుండాయి. ముగ్గు వేసిన పిల్ల ఏమి కోరుతాదో అది ఇయ్యి.”

సేలం అని నేను గొణిగాను. మామ అడ్డం వచ్చాడు, పందెం ఉంది, గీత దాటింది అని.

“గీతా? యాడుండాదో చూపించు,” అంది చిన్నవ్వ.

అందరం తొంగి చూశాం. నిన్నటి గీత మా కళ్ళాపికి చెరిగిపోయింది, రోజూ గీసే మనిషి ఆ పూట ఇంకా గీయలేదు. ఆ చోటంతా నా ముగ్గే పరుచుకుని ఉంది. మామ వంగి కూడా వెతికాడు, నమ్మండి. మా నాయన కండువాతో ముఖం తుడుచుకుని, సేలంకి పొద్దున బస్సు ఎన్నింటికని మామనే అడిగాడు.

తరువాత చిన్నవ్వ నా చెవి పట్టుకుని, “తప్పు వేసినావని నాకు తెలుసులే. మీ నాయినకి నన్ను పిలిచే ధైర్యం యాడుండాది? తప్పు లెక్కతోనే ఇంత చేస్తివే, సరిగ్గా నేర్చుకో పో,” అంది. బతికినంత కాలం ఆమె మళ్ళీ ఆ గీత గీయలేదు.

నేర్చుకున్నాను, చాలా ఏళ్ళు పాఠాలూ చెప్పాను, నిలువు వరసలు నిలువుగానే రాయించాను. ఇప్పుడు ఆ రెండిళ్ళ మధ్య తలెత్తు కాంపౌండు గోడ లేచింది, ఎవరి వాకిలి వాళ్ళదిగా, సిమెంటు వేసి, నలుచదరంగా, చూడముచ్చటగానే ఉంది. పిల్లలు తెలివైనవాళ్ళు, నాలాగా తప్పులు చెయ్యరు. చేసినా ఏం లాభం, ఈ రోజుల్లో ఎవరి తప్పు అయినా వాళ్ళ గోడ దగ్గరే ఆగిపోతుంది, పక్కింటి గడప దాకా పోదు.