వితంతువు అని రాయనివ్వలేదు

పాలకుర్తిలో నాకు చిన్న కుట్టు దుకాణం ఉంది. జాకెట్లు, బడి పిల్లల యూనిఫారాలు కుడతాను. నలభై దాటాక మళ్ళీ పెళ్ళి చేసుకుంటానని చెప్పినప్పుడు చుట్టుపక్కల వాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. చేసుకోబోయే మనిషి కొడకండ్ల దారిలో ఆటో నడుపుతాడు. భార్య జబ్బు చేసి చనిపోయింది. ఆటో నిండే దాకా నా దుకాణం ముందు నీడన నిలబడేవాడు. అట్లా మాటలు కలిశాయి. ఇందులో దాచాల్సింది ఏమీ లేదని ఇద్దరం అనుకున్నాం.

పెళ్ళిని రిజిస్టర్ చేయించుకోవాలన్న పట్టు నాదే. దానికి కావలసిన కాగితాల గురించి కనుక్కుందామని జనగామ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళాం. ఆయన తన భార్య మరణ ధ్రువపత్రం గ్రామ పంచాయతీ నుంచి అప్పటికే తెచ్చుకున్నాడు. నేను తేవలసింది కోర్టు ఇచ్చిన విడాకుల డిక్రీ. అది నా దగ్గర లేదు.

ఆఫీసు బయట దరఖాస్తులు రాసిపెట్టే ఒక పెద్దమనిషి మా సంగతంతా విన్నాడు. పాత కోర్టు కాగితాలు తీయాలంటే చెప్పులరిగిపోతాయని, దానికంటే సులువైన దారి ఉందని అన్నాడు.

"వితంతువు అని రాద్దాం అక్కా. ఒక అఫిడవిట్ పెడితే అయిపాయె. ఎవలు చూస్తరు?"

"నా మొదటాయన బతికే ఉన్నడన్నా."

"ఎక్కడనో బొగ్గుబాయి కాడ ఉన్నడంటివి గద. ఆయనకేం ఎరుక?"

"నాకెరుక గద. ఆయన సస్తే నేను బయటికి రాలె. బతికుండంగనే వచ్చిన. గదే రాయాలె."

ఆ పెద్దమనిషి నా వైపు జాలిగా చూశాడు. ఆ చూపుకు నా ఒళ్ళు మండింది. వితంతువంటే లోకం అయ్యో అంటుంది, మొగుణ్ణి వదిలేసిన దానికి ఆ అయ్యో కూడా ఉండదు. అయినా నాకు ఎవరి అయ్యో అక్కరలేదు.

నా మొదటి కాపురం భూపాలపల్లి గని కార్మికుల క్వార్టర్లలో సాగింది. ఆయన రాత్రి షిఫ్టుకు పోతూ నన్ను లోపల ఉంచి బయట తాళం వేసుకుని వెళ్ళేవాడు. ఎందుకని అడిగితే చెయ్యి లేచేది. ఒకరోజు పక్కింటి ముసలవ్వను కిటికీలోంచి పిలిచి, తాళం పగలగొట్టించి, కట్టుబట్టలతో బస్సెక్కాను. మహబూబాబాద్‌లో ఉన్న మా అక్క ఇంటికి చేరాను. అక్కడే మిషను నేర్చుకున్నాను, అక్కడి కోర్టులోనే కేసు వేశాను. సర్దుకుపోతారా అని జడ్జి గారు అడిగితే సర్దుకోనని చెప్పాను. కొన్నాళ్ళకు వకీలు గారు, అయిపోయిందమ్మా, ఇక నీ బతుకు నువ్వు బతుకు అన్నారు. ఆ మాటే నాకు తీర్పు. దానికొక కాగితం ఉంటుందని, అది అడిగి తీసుకోవాలని ఎవరూ చెప్పలేదు.

అందుకని మళ్ళీ మహబూబాబాద్ కోర్టుకు పోయాను. నకళ్ళిచ్చే విభాగంలో ఒక గుమాస్తా ఓపికగానే మాట్లాడాడు. నువ్వు కేసులో ఉన్న మనిషివి, నకలు అడిగే హక్కు నీకుంది, కానీ కేసు నంబరు కావాలి అన్నాడు. అంత పాతవి కంప్యూటర్లోకి ఎక్కలేదట. ఒక్క పేరు పట్టుకుని వెతకాలంటే ఎప్పటికి తేలుతుందో చెప్పలేమన్నాడు. వకీలు గారి ఇంటికి వెళితే ఆయన పోయి చాలా కాలమైందని తెలిసింది. ఫైళ్ళు ఏమయ్యాయో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. తిరిగి వచ్చి గుమాస్తాకు అదే చెప్పాను. అప్పట్లో మీ ఆయనకు కోర్టు నుంచి నోటీసు వెళ్ళి ఉంటుంది, దాని మీద నంబరు ఉంటుంది అన్నాడు.

ఆ సాయంత్రం అక్క నాకు అన్నం పెడుతూ, గుళ్ళో దండలు మార్చుకుంటే సరిపోదా, ఆ మనిషి గుమ్మం మళ్ళీ తొక్కుతావా అని కోప్పడింది. నా మొదటి పెళ్ళిని ఊరంతా చూసింది. విడిపోయి వచ్చినప్పుడు అదే ఊరు చూడనట్టు మొఖం తిప్పుకుంది. ఈసారి ఊరి కళ్ళ మీద ఆధారపడనని అక్కకు చెప్పాను.

మర్నాడు భూపాలపల్లి బస్సెక్కాను. క్వార్టర్లు అట్లాగే ఉన్నాయి, గోడల మీద అదే బొగ్గు మసి. తలుపు తీసింది ఆయన రెండో భార్య. నాకంటే చిన్నది. నేనెవరో చెప్పగానే పక్కకు జరిగి లోపలికి రమ్మంది. ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు, గొంతు మాత్రం తగ్గలేదు. నోటీసు సంగతి అడిగితే, అన్నేళ్ళ కింది ముచ్చట ఇప్పుడు తవ్వుడెందుకు అన్నాడు. పెళ్ళి చేసుకుంటున్నానని చెప్పాను.

"గీ వయసుల నీకు పెండ్లేంది?"

"నిన్నడిగి చేసుకునే రోజులు పోయినయి. కాగితం ఉంటే ఇయ్యి, లేకుంటే లేదను."

లేదన్నాడు. నేను లేచి బయటికొచ్చాను. రోడ్డెక్కేలోపు వెనక నుంచి ఆమె పరుగులాంటి నడకతో వచ్చింది. కొంగు చాటున మడతలు పడి పసుపెక్కిన కాగితం ఉంది. అది ఆనాటి నోటీసే.

"పెట్టెల గిదొక్కటే ఉన్నదక్కా. విడాకుల కాగితం సూపెట్టుమని ఎన్నేండ్లసంది అడుగుతున్ననో. ఉన్నది తీయ్ అంటడు. లేనే లేదు."

ఆయన కూడా ఆ డిక్రీ ఎన్నడూ తీసుకోలేదన్నమాట. త్వరలో ఆయన ఉద్యోగం ముగుస్తుంది. పింఛనులో భార్యగా తన పేరు నిలబడుతుందో లేదోనని ఆమెకు దిగులు. మొదటామె ఎక్కడుందో, ఎప్పుడొచ్చి అడుగుతుందోనని ఎవరో భయపెట్టారట. ఆ మొదటామె నేనే. ఇద్దరం టీ కొట్టు దగ్గర బల్ల మీద కూర్చున్నాం. తాళం గురించి నేను అడగలేదు. ఆమే చెప్పింది, తనకూ వేశాడని, అయితే తను మొదటి నెలలోనే ఆ తాళాన్ని తీసుకెళ్ళి బావిలో పడేసిందని. ఆ మాటకు ఇద్దరికీ నవ్వాగలేదు. టీ కొట్టాయన విచిత్రంగా చూశాడు.

నకలు వస్తే నీకూ ఒకటి తెస్తానని మాటిచ్చాను.

నంబరు దొరికాక పని కదిలింది, కానీ పరుగెత్తలేదు. దరఖాస్తు రాసి, స్టాంపులు అంటించి, రెండు నకళ్ళు కావాలని అడిగాను. రెండెందుకమ్మా అన్నారు. ఇద్దరికి అవసరముంది అన్నాను. పాత రికార్డుల గదిలోంచి ఫైలు రావాలంటూ తిప్పారు. వెళ్ళిన ప్రతిసారీ దుకాణం మూయాల్సి వచ్చేది. ఈ తిరుగుడు మానేసి దుకాణం చూసుకోరాదా అని గిరాకీలు గొణిగేవాళ్ళు. మానలేదు. చివరికి ఒక మధ్యాహ్నం ముద్రలతో నకళ్ళు చేతికొచ్చాయి. కోర్టు మెట్ల మీద నిలబడి చదివాను. భాష సగం అర్థం కాలేదు. ఈ వివాహం రద్దు చేయడమైనదన్న ఒక్క వాక్యం మాత్రం అర్థమైంది. నేను నోటితో చెప్పుకుంటూ వచ్చిన మాటను కోర్టు అన్నేళ్ళ కిందే రాసి పెట్టింది.

భూపాలపల్లిలో ఆమెకు ఫోన్ చేస్తే, పోస్టులో పంపొద్దు, ఆయన చేతిలో పడుతుంది, నేనే వస్తానంది. మా పెళ్ళి రోజునే జనగామ ఆఫీసుకు వచ్చింది. ఎక్కడికి పోతున్నదీ ఇంట్లో చెప్పే వచ్చానంది. నకలు తీసుకుని వెళ్ళిపోతుందనుకున్నాను. కానీ సాక్షుల్లో ఒకరు తక్కువయ్యారు. వస్తానన్న మా చిన్నాయన చివరి నిమిషంలో, పరువు పోతుందని ఆగిపోయాడు. ఆమె తన ఆధార్ కార్డు తీసి బల్ల మీద పెట్టింది. మీరు ఈమెకు ఏమవుతారని అక్కడున్న ఆఫీసరమ్మ అడిగింది.

"ఈమె ఇడిసిపెట్టినాయన పెండ్లాన్ని."

గదిలో అందరూ తలలెత్తారు. మా అక్క సిగ్గుతో కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నా పక్కనున్న మనిషి మాత్రం చిన్నగా నవ్వి, ఆమె కూర్చోడానికి కుర్చీ జరిపాడు. ఆఫీసరమ్మ ఆధార్ కార్డు చూసి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించింది. ఆమె నెమ్మదిగా, పూర్తి పేరు రాసింది. తర్వాత నా వంతు వచ్చింది. పెళ్ళికి ముందు స్థితి అన్నచోట 'విడాకులు పొందినది' అని నా చేత్తో నేనే రాశాను.

ఆమెను హనుమకొండ బస్సెక్కించి, మేము ఆటోలో పాలకుర్తి వచ్చాం. బడులు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. మెడలో దండ తీసి మేకుకు తగిలించి, దుకాణం తెరిచి మిషను ముందు కూర్చున్నాను.