ప్లగ్గు నా గుప్పిట్లోనే ఉంది

నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు... కానీ ఇది నాకు జరిగింది. ఎవరో చెప్పగా విన్నది కాదు. బైబిలు మీద చెయ్యి వేసి చెప్పమన్నా ఇదే చెబుతాను. ఆ రోజు ఆటో నడిపిన రాంబాబు కూడా విన్నాడు. అతను విని ఉండకపోతే నేనీ సంగతి ఎవరికీ చెప్పేదాన్ని కాదు. నా చెవుల్నే అనుమానించుకుని ఊరుకునేదాన్ని.

ముందు పెద్దమ్మ గురించి చెప్పాలి.

కరుణమ్మ పెద్దమ్మ మా అమ్మకు అక్క. ఉంగుటూరు దగ్గర ఎలిమెంటరీ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. నా చిన్నప్పుడే మా అమ్మ పోతే నన్ను పెంచింది తనే. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో మాతోనే ఉంటుంది. రెండేళ్ళ క్రితం పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది. మాట కూడా పోయింది. మనం చెప్పేవన్నీ అర్థమవుతాయి... నోరు మాత్రం పెగలదు. ఒకప్పుడు ఎక్కాలు చెబుతుంటే రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకు వినపడేంత గొంతు ఆవిడది.

ఆ తర్వాత ఆవిడ తనంతట తాను చెయ్యగలిగిన పని ఒక్కటే మిగిలింది. ఎడమచేతి బొటనవేలితో రిమోట్ మీద ఎర్ర బటన్ నొక్కడం. నొక్కితే టీవీ వెలిగేది. నిన్న ఎక్కడ ఆపితే ఆ చానలే వచ్చేది. పొద్దున ప్రార్థన, మధ్యాహ్నం పాత పాటలు. చాలు, ఆవిడ రోజు గడిచిపోయేది.

వానాకాలం మొదట్లో పిడుగు పడి ఆ టీవీ కాలిపోయింది. మా ఆయన ముచ్చటపడి పెద్ద స్మార్ట్ టీవీ తెచ్చారు. గోడంతా నిండిపోయింది. బటన్ నొక్కితే చానల్ రాదు... వరసగా బొమ్మలు వస్తాయి. సినిమాలు, ఆటలు, ఏవేవో. చూస్తున్నది ఎవరని అడుగుతుంది. ఇంటర్నెట్ పీకేసి చూశాం. అయినా ఆ బొమ్మల పేజీయే ముందు. ఒకరోజు పెద్దమ్మ వేలు ఎక్కడ పడిందో, తెర మీద మైకు గుర్తు వచ్చింది. ఏం కావాలో చెప్పమని అడిగింది. ఆవిడ నోరు తెరిచింది... గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ చెప్పమంది. మళ్ళీ నోరు తెరిచింది. నేను వంటింట్లోంచి వచ్చేసరికి ఆవిడ ఒళ్ళో రిమోట్, చెంపల మీద నీళ్ళు.

ఆ రోజే అనుకున్నాను. మాట అడగని టీవీ ఒకటి ఎక్కడున్నా తెస్తానని.

ఇదేం పెద్ద పనా అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. గూడెంలో నాలుగు షాపులు తిరిగాను. తణుకు వెళ్ళాను. అందరిదీ ఒకే సమాధానం, ఇప్పుడు అన్నీ స్మార్టేనండి అని. ఒకాయనైతే నన్ను జాలిగా చూశాడు, స్మార్ట్ టీవీ వాడటం రానిదాన్నని. చివరికి ఏలూరులో, రిపేరు షాపులో కూర్చున్న ఒక పెద్దాయన నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. కొత్తవి అమ్మే చోట వెతకవద్దని, బాగుచేసే చోట వెతకమని చెప్పాడు. మండవల్లి అవతల తన మేనల్లుడు సత్తిబాబు మెకానిక్కట. అతని దగ్గర పాతకాలపు ఎల్ఈడీ టీవీ ఒకటి ఉండాలన్నాడు. నా ఎదుటే ఫోన్ చేసి కనుక్కున్నాడు. ఉంది.

మళ్ళీ సెలవు దొరకదని అక్కడినుంచి అటే బస్సెక్కాను. అప్పటికి నాలుగు రోజులుగా వానలు. కొల్లేరు పొడవునా రోడ్డుకి రెండు పక్కలా నీళ్ళే... ఎక్కడ చెరువో ఎక్కడ చేనో తెలియలేదు. మండవల్లిలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. అతనే రాంబాబు. ముప్పై ఏళ్ళుంటాయి. నెమ్మదస్తుడు. ఆ ఊరికి చేపల చెరువుల గట్టు మీదుగా వెళ్ళాలి. వానకి భయంలేదు కదా అని అడిగితే, "ఆయ్, రోజూ తిరిగే దారేనండి" అన్నాడు.

వెళ్ళేటప్పుడు ఏమీ లేదు. వెలుతురుంది. గట్టు గట్టిగానే ఉంది.

సత్తిబాబు గారు టీవీని తుడిచి సిద్ధంగా ఉంచారు. ఇరవై నాలుగు అంగుళాలది. నల్ల అంచు, ఓ మూల చిన్న గీత. బటన్ నొక్కారు. టక్కున చానల్ వచ్చింది. ఏ బొమ్మలూ లేవు, ఏ ప్రశ్నలూ లేవు. ఆపి మళ్ళీ నొక్కారు. మళ్ళీ అదే చానల్. మీరు నవ్వుతారేమో గానీ నాకు కళ్ళు చెమర్చాయి. ఆయన భార్య ఒక పాత రగ్గు తెచ్చి టీవీకి చుట్టింది. పైన ప్లాస్టిక్ కవరు కట్టారు.

బయల్దేరేసరికి ఏడైంది. చీకటి పడిపోయింది. వాన మళ్ళీ మొదలైంది.

నేను వెనక సీట్లో కూర్చున్నాను. టీవీని నిలబెట్టి, దాని వీపు నా మోకాళ్ళకు ఆనించి పట్టుకున్నాను. వైరు మాటిమాటికీ జారి కింద తడిలో పడుతోంది. అందుకని వైరు చుట్టి ప్లగ్గు నా కుడి గుప్పిట్లో పెట్టుకున్నాను. మూడు పిన్నుల ప్లగ్గు. దాని ఇత్తడి నా అరచేతిలో గుచ్చుకుంటోంది. ఇది ఎందుకు చెబుతున్నానో మీకే తెలుస్తుంది.

ఆటో మెల్లగా పోతోంది. ముందు లైటు వెలుగులో వాన తప్ప ఏమీ కనపడటం లేదు. రెండు వైపులా నల్లటి నీళ్ళు. ఇంజను చప్పుడు... టాపు మీద వాన చప్పుడు... అంతే. నేను పెద్దమ్మ గురించి ఆలోచిస్తున్నాను. మా ఆయన ఆ వారం ఊళ్ళో లేరు, పక్కింటి సుశీల గారు ఆవిడకు అన్నం తినిపించి ఉంటారా అని.

అప్పుడు...

టిక్.

చిన్న చప్పుడు. స్విచ్ వేస్తే వచ్చేలాంటిది. నా మోకాళ్ళ దగ్గర్నుంచి.

తర్వాత స్స్స్... మని. చానల్ రానప్పుడు వస్తుందే, ఆ చప్పుడు. సన్నగా. ముందు వాన అనుకున్నాను. కానీ వాన పైన కురుస్తోంది. ఇది కింద... రగ్గు లోపల.

నా మోకాళ్ళకు అదురు తెలుస్తోంది. ఇంజను అదురు వేరు. అది ఒళ్ళంతా కుదిపేస్తుంది. ఇది వేరు. టీవీ వీపున స్పీకర్ ఉండే చోట, సరిగ్గా అక్కడే... చీమలు పాకినట్టు.

నేను గుప్పిట బిగించాను. ప్లగ్గు ఉంది. నా చేతిలోనే ఉంది. వేళ్ళతో తడిమి చూసుకున్నాను. ఒకటి... రెండు... మూడు పిన్నులు.

స్స్స్... ఆగింది.

ఎవరో గొంతు సవరించుకున్నారు.

మగగొంతు. పెద్దవయసు. రగ్గు లోపలినుంచి.

"హో... హోయ్..."

అరుపు కాదు. కోపం లేదు. దూరంగా ఉన్నవాళ్ళను ఆగమనడానికి సాగదీసి పిలుస్తారే... అలా. నా మోకాళ్ళ ముందునుంచి.

నాకు నోరు రాలేదు. నిజంగా రాలేదు. తెరిచాను, గాలే వచ్చింది. ఆ క్షణంలో పెద్దమ్మ కష్టం ఏమిటో నాకు తెలిసింది.

ఆటో ఆగింది. రాంబాబు బ్రేకు మీద కాలు అలాగే ఉంచి తల తిప్పాడు.

"నన్ను పిలిచారా అండి?"

నేను తల అడ్డంగా ఊపాను.

"మగమనిషి పిలిచాడండి. వెనకనుంచి."

నేను మళ్ళీ తల ఊపాను. ఈసారి నిలువుగా.

అతను ఇంజను ఆపేశాడు, ఎవరైనా ఉన్నారేమో విందామని. ఇంజను ఆగగానే వాన చప్పుడు పెద్దదైంది. ఇద్దరం ఊపిరి బిగపట్టి విన్నాం. ఎవరూ లేరు. రగ్గు లోపల ఏమీ లేదు. అదురు లేదు.

కానీ వాన కింద ఇంకో చప్పుడు ఉంది.

ముందునుంచి. లోతుగా... బుడబుడమని... నీళ్ళు ఎక్కడో కిందికి పడుతున్నట్టు.

రాంబాబు ఫోన్ లైటు వేసుకుని దిగాడు. ఆ వెలుగు నాలుగడుగులు ముందుకు వెళ్ళింది. ఇంకో రెండడుగులు. అక్కడ ఆగిపోయింది. చాలాసేపు కదల్లేదు. తర్వాత వెనక్కి వచ్చింది, ఒక్కో అడుగే. అతను తడిసిన గట్టు మీదే చతికిలబడి ఆటో చక్రం పట్టుకున్నాడు.

"గండి పడిందండి," అన్నాడు కాసేపటికి. "దారి లేదు."

గంటన్నర క్రితం మేం వచ్చిన గట్టే. మా ముందు ఎనిమిది అడుగుల దూరంలో తెగిపోయింది. నీళ్ళు ఒక చెరువులోంచి ఇంకో చెరువులోకి దూకుతున్నాయి. మీద వాన నీళ్ళు పారుతుండటంతో లైటు వెలుగులో రోడ్డులాగే కనపడింది. నాకు ఈత రాదు. ఆటోలో టీవీకీ సీటుకీ మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. మిగతాది మీరే ఊహించుకోండి.

గట్టు మీద ఆటో తిప్పడానికి చోటు లేదు. రాంబాబు హేండిల్ పట్టుకుని వెనక్కి తోస్తుంటే నేను దిగి లైటు చూపించాను. టీవీని సీటు మీద వదలబుద్ధి కాలేదు. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు చంకన పెట్టుకునే నడిచాను. భయం వేయలేదా అంటే... వేసింది. కానీ దాన్ని దింపాలనిపించలేదు.

సత్తిబాబు గారింటికి చేరాం. వాళ్ళు ఏమీ అడక్కముందే పొడి చీర ఇచ్చారు, వేడి అన్నం పెట్టారు, చేపల పులుసు పోశారు. రాంబాబుకు లుంగీ ఇచ్చి తువ్వాలుతో తల తుడిచారు. ఆయన ఊళ్ళోవాళ్ళకు ఫోన్ చేసి, గట్టు రెండు వైపులా మనుషుల్ని నిలబెట్టారు, ఇంకెవరూ రాకుండా. నేను ఇంటికి ఫోన్ చేస్తే సుశీల గారు ఆ రాత్రి పెద్దమ్మ దగ్గరే పడుకుంటానన్నారు. ఒక్క రాత్రిలో ఎంతమంది చేతుల మీద బతికానో ఇప్పటికీ లెక్క పెట్టుకుంటూ ఉంటాను.

తిన్నాక జరిగింది చెప్పాం. సత్తిబాబు గారు నవ్వలేదు. టీవీ వెనక మూత విప్పి, లైటు పెట్టి అంతా చూశారు. బోర్డులో కాస్త కరెంటు నిలవ ఉండొచ్చని, కుదుపుకి స్పీకర్లో చప్పుడు రావచ్చని అన్నారు. మూత బిగిస్తూ బిగిస్తూ ఆగారు. "చప్పుడు వస్తుందేమో గానండి... మాట రాదమ్మా," అన్నారు.

చెరువుల మీద ఎవరైనా పిలిచి ఉంటారని రాంబాబు అనుకుంటాడు. అలా అనుకుంటేనే అతనికి ఆ దారిన ఆటో నడపడం కుదురుతుంది. కానీ మర్నాడు పొద్దున కనుక్కుంటే, ఆ వానలో ఆ వైపు చెరువుల మీద మనిషే లేడని తేలింది.

టీవీ ఇంటికి చేరింది. పెద్దమ్మ ముందు పెట్టి, రిమోట్ చేతిలో పెట్టాను. బొటనవేలు కదిలింది. ప్రార్థన చానల్ వచ్చింది. ఆవిడ నన్ను చూసింది. ఎడమచెయ్యి ఎత్తి నా తల మీద పెట్టి, తియ్యకుండా అలాగే ఉంచింది. మూలనున్న గీత ఆవిడకు కనపడలేదు. రగ్గు మాత్రం సత్తిబాబు గారి భార్యకు ఉతికి పంపాను. ఆ టీవీ ఇప్పటివరకు తనంతట తాను ఒక్కసారి కూడా చప్పుడు చెయ్యలేదు. రాత్రిళ్ళు లేచి చెవి పెట్టి విన్నాను కూడా.

ఒక్క సంగతి మాత్రం నన్ను వదల్లేదు. ఆ టీవీ అంతకుముందు ఎవరిదని సత్తిబాబు గారిని అడిగాను. ఆ గట్టు పక్క చేపల చెరువుకి ఇదివరకు కాపలా ఉన్న అప్పారావు గారిదట. గుడిసెలో పెట్టుకుని పదేళ్ళు చూశారట. పోయారా అని అడిగాను. లేదండి, నిక్షేపంగా ఉన్నారు, తణుకులో కూతురి దగ్గర, అన్నారు. నంబరిచ్చారు.

ఫోన్ చేశాను. నేనెవరో చెప్పాను. మీ టీవీ మా పెద్దమ్మకు ఎంత ఉపయోగపడుతోందో చెప్పాను. ఆయన సంతోషించారు. గొంతు... అదేనా అంటే చెప్పలేను. పెద్దవయసు మగగొంతు, అంతవరకే. తర్వాత గట్టు తెగిన సంగతి చెప్పాను. పిలుపు సంగతి కూడా. పిచ్చిదాన్ననుకుంటారేమో అనుకుంటూనే చెప్పాను.

"ఏ రోజమ్మా అది?" అన్నారు.

గురువారం అన్నాను.

"ఎన్ని గంటలకి?"

ఏడున్నర అయి ఉంటుందండి, అన్నాను.

ఆయన ఊపిరి వినపడుతోంది. "ఆ వేళకే నేనిక్కడ..." అని మొదలుపెట్టి ఆగారు. లోపలినుంచి కూతురు కాబోలు, ఎవరు నాన్నా అని అడగడం వినపడింది.

"మీరు బాగున్నారు కదమ్మా," అన్నారు చివరికి. "ఆ అబ్బాయి కూడా?"

ఇద్దరం బాగున్నామండి, అన్నాను. మీకు దండాలండి, అని కూడా అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

"సరేనమ్మా," అని పెట్టేశారు.

తర్వాత క్రిస్మస్‌కి ఒకసారి, ఉగాదికి ఒకసారి ఫోన్ చేశాను. పెద్దమ్మ ఎలా ఉందని అడుగుతారు. వేలు కాస్త బాగా కదులుతోందా అని అడుగుతారు. ఆ గురువారం సంగతి ఆయన ఎత్తరు... నేనూ అడగను.