ఊఁ అంటే ఎక్కడ

మెల్‌బోర్న్‌కి గంటన్నర దూరంలో, గొర్రెలు మేసే బీడులో ఎవరో పుణ్యాత్ములు ఓ ఫ్రెంచి పల్లెటూరు కట్టి, దాన్నిండా రంగులరాట్నాలు పెట్టారు. అక్కడ పనిచేసేవాళ్లు ఫ్రెంచి తప్ప ఇంకో భాష మాట్లాడకూడదట. అదే ఆ పార్కు గొప్పట. మా పదేళ్ల అమ్మాయికి స్కూల్లో ఫ్రెంచి నేర్పుతున్నారు కాబట్టి వెళ్లి తీరాలన్నారు మావారు. తెలుగులో పిలిస్తే ఇంగ్లీషులో పలికే పిల్లకి ఫ్రెంచి వంటబట్టడం కోసం నేను శనివారం పొద్దున్నే లేచి పులిహోర కలపాలి. నా ఖర్మ.

ఇండియా నుంచి వచ్చి మూడు నెలలైన మా అత్తగారినీ తీసుకెళ్లాం. ఆవిడకి తెలుగు ఒక్కటే వచ్చు. ఎవరేమన్నా తలూపి "ఊఁ" అంటారు. పక్కింటి ఆస్ట్రేలియన్ పెద్దాయన కంచె మీంచి ఎండా వానల గురించి చేసే ప్రసంగానికీ అదే "ఊఁ". ఆయన లెక్కలో మా వీధిలో మర్యాద తెలిసిన మనిషి ఈవిడే.

మావారూ పిల్లా రాట్నం దగ్గర వరసలో నిలబడ్డారు. మేమిద్దరం బెంచీ మీద కూర్చున్నాం. కాసేపటికి అత్తగారు నా చెవి దగ్గరికి వంగి, "అమ్మాయ్, బాత్రూమ్ ఎక్కడుందో చూడు. షుగరు మనిషిని, ఎక్కువసేపు ఆగలేను" అన్నారు.

"కాస్త ఓర్చుకోండి అత్తయ్యా, ఇప్పుడే కనుక్కుంటా."

గీతల బనీను, నల్ల టోపీ వేసుకుని ఒకతను బారెడు రొట్టె ఊపుకుంటూ తిరుగుతున్నాడు. టాయిలెట్ ఎక్కడని ఇంగ్లీషులో అడిగాను. పెదాల మీద వేలేసుకుని, ఫ్రెంచిలో అడగమని సైగ చేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అత్తగారిని చూపించి, నలభై దాటిన దాన్ని, నడివీధిలో కాళ్లు దగ్గరికి ముడుచుకుని నటించాను కూడా. "ఆఁ, పెతీ క్వాన్!" అంటూ నా చేతిలోని మ్యాపు మీద ఓ మాట చూపించాడు. చూస్తే ఆ 'క్వాన్' స్పెల్లింగు అచ్చం ఇంగ్లీషు కాయిన్. ఓహో, ఇక్కడ టాయిలెట్‌కి చిల్లర వెయ్యాలన్నమాట.

ఈ దేశంలో ఇప్పుడు చిల్లర ఎవరి దగ్గరుంటుంది? అత్తగారిని కదలొద్దని చెప్పి టికెట్ల కౌంటరుకి పరుగెత్తాను. అక్కడి అమ్మాయికి నోటిచ్చి చిల్లర కావాలంటే, ఇంకో టికెట్టు కొట్టి చేతిలో పెట్టింది. వద్దని తల అడ్డంగా ఊపితే "మెర్సీ" అని థాంక్స్ చెప్పింది.

తిరిగొచ్చేసరికి బెంచీ ఖాళీ. ఆవిడ దగ్గర ఫోను లేదు, భాష రాదు, పైగా ఆ అవస్థ. "అత్తయ్యా" అని కేకలేస్తూ ఫ్రెంచి ఊరంతా తిరిగి మళ్లీ అక్కడికే వచ్చాను. బెంచీకి ఎదురుగా ఉన్న ఆకుపచ్చ తలుపు తెరుచుకుంది. అత్తగారు పవిటకొంగుతో చేతులు తుడుచుకుంటూ తీరిగ్గా బయటికొచ్చారు. పక్కన రొట్టె మనిషి కాపలా నిలబడి ఉన్నాడు.

"ఎలా వెళ్లారు అత్తయ్యా?"

"ఆ అబ్బాయి ఏదో అన్నాడు. ఊఁ అన్నాను. ఇటు చూపించాడు. మళ్లీ ఏదో అన్నాడు. ఊఁ అన్నాను. రొట్టెతో ఇంకా బాగా చూపించాడు. మళ్లీ ఊఁ అనేసరికి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తలుపు తీశాడు. బంగారం లాంటి పిల్లాడు."

రాట్నం దిగొచ్చిన మా అమ్మాయి ఇదంతా విని పడీ పడీ నవ్వింది. "నానమ్మా, ఫ్రెంచ్‌లో ఊ మీన్స్ వేర్. యూ కెప్ట్ ఆస్కింగ్ హిమ్ వేర్!" పెతీ క్వాన్ అంటే చిన్న మూల అట. టాయిలెట్‌కి అది ముద్దుపేరట. నేను అత్తగారికి తెలుగులో విడమరిచి చెప్పాను. ఊఁ అంటే ఎక్కడ అని అర్థమట అత్తయ్యా, అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "మూణ్ణెల్ల నుంచీ ఇంట్లో మీ ముగ్గురూ ఇంగిలీషులో మాట్లాడుకుంటుంటే నేనూ ఊఁ ఊఁ అంటూనే ఉన్నా కదమ్మా" అన్నారు. "ఒక్కళ్లూ చెయ్యి పట్టుకోలేదేం?"

నాకు తల కొట్టేసినట్టయింది. మా ఇల్లున్న పాయింట్ కుక్ వైపు కారు తిరిగాక ఎవరం ఇంగ్లీషు ముక్క మాట్లాడలేదు. దాంతో మా ముగ్గురికీ మాట్లాడుకోవడానికి ఏమీ దొరకలేదు. చాలాసేపు చూసి చూసి, వెనక సీట్లోంచి అత్తగారే అన్నారు.

"ఊఁ, చెప్పండి."