ఒకే అచ్చు మిషన్లు

గూడూరు పక్కన కోట ఊళ్ళో హజరత్తయ్య ఇల్లు ఆయన రైసుమిల్లును ఆనుకొనే ఉండేది. మిల్లు ఆగినాక కూడా ఆ ఇంట్లోంచి గంటలు మోగుతుంటే, వడ్లు తెచ్చిన రైతులు కొత్తలో అరుగెక్కి తొంగిచూసేవాళ్ళు.

అది గోలీల మిషను. మద్రాసు హార్బరు దగ్గర ఓడలవాళ్ళ క్లబ్బొకటి మూతబడితే, మిల్లు బెల్టుల కోసం పోయిన హజరత్తయ్య 1959లో దాన్ని వేలంకొట్టులో చూసి లారీలో వేయించుకొచ్చినాడు. నడుమెత్తు బల్ల, పైన అద్దం, లోపల ఏటవాలు పలక. స్ప్రింగు కడ్డీ లాగి వదిలితే ఇనప గుండు పైకి పోయి, మూడు గుబ్బలకు కొట్టుకుంటూ, గంటలు మోగిస్తూ, దీపాలు వెలిగిస్తూ కిందికి దొర్లుతుంది. బల్ల పక్కనుండే బొత్తాలు నొక్కితే కింది రెక్కలు లేచి గుండును మళ్ళీ పైకి తంతాయి. అదను తప్పితే నడిమి సందులో పడిపోతుంది. అంతే ఆట.

ఆయన తన కోసమే తెచ్చుకున్నాడు గానీ, దాన్ని పట్టుకుంది భార్య ఆదిశేషమ్మ. రెండు కాన్పులూ దక్కక, పదేళ్ళుగా ఆ ఇంట్లో పొద్దు గడవడమే కష్టమైన మనిషి. వంట ముగించి, చేతులు తుడుచుకొని, కొంగు దోపుకొని మిషను ముందు నిలబడేది. గుండు పడిపోతే పళ్ళు కొరికేది, పైకి పోతే గట్టిగా నవ్వేది. ఆ నవ్వు వినడానికే హజరత్తయ్య మిల్లులోంచి ఏదో వంకతో ఇంట్లోకి వచ్చి పోయేవాడు.

రెండేళ్ళు తిరిగేసరికి ఆమె గడపలకు తట్టుకోవడం మొదలైంది. పక్కన పెట్టిన చెంబు కనిపించేది కాదు. దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తున్నాయనేది. హజరత్తయ్య మద్రాసు తీసుకుపోయినాడు. కళ్ళ డాక్టరు ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, ఈయన్ని లోపలికి పిలిచినాడు.

"నీటికాసుల జబ్బు. బాగా ముదిరినాక వచ్చినారు. పోయిన చూపు రాదు. ఉన్నది కూడా ఏడాదో, రెండేళ్ళో. ఆమెకు మీరే మెల్లగా చెప్పండి."

హజరత్తయ్య బయటికొచ్చినాడు. "ఏమన్నాడు?" అని ఆమె లేచింది.

"చుక్కలమందు రాసిచ్చినాడు. నయమవుతుందంట."

ఆ మాట ఎట్లా వచ్చిందో ఆయనకే తెలీదు. వచ్చినాక వెనక్కి తీసుకోలేకపోయినాడు.

రైలుకింకా పొద్దుంది. ఆమే అడిగింది, మిషన్లు అమ్మే కొట్టు చూపించమని. వేలంకొట్టులో ఆ రోజు నాలుగు మిషన్లున్నాయి. ఆదిశేషమ్మ నేరుగా మూలనున్న దాని దగ్గర ఆగిపోయింది. దాని అద్దం మీద నీలం సముద్రం, తెల్లటి తెరచాపల ఓడలు. కరెంటు పెడితే సముద్రం వెనక దీపాలు పారుతున్నట్టు వెలిగినాయి. తల అటూ ఇటూ తిప్పుతూ, మిగిలిన కాస్త చూపుతో దాన్ని మూల మూలా చూసింది.

"ఇది కొందామండీ."

హజరత్తయ్య వినిపించుకోలేదు. ఒక్కొక్క మిషను ముందూ నిలబడి, కళ్ళు మూసుకొని ఆడి చూస్తున్నాడు. ఓడల మిషనులో గుబ్బలు పక్కలకున్నాయి, రెక్కలు పొట్టివి. ఇంట్లో ఆమె చేతికి అలవాటైంది ఒక్కటీ అందులో లేదు. గోడవార ఉన్న పాత దానిలో మాత్రం గుబ్బలు మూడూ అదే తీరు, ఎడమ పక్క సందు అదే, గుండు రెక్క మీదికి దిగే జాగా కూడా అదే.

"కళ్ళు మూసుకొని ఆడతారేంది?" అంది ఆదిశేషమ్మ.

"దుమ్ము పడింది."

కొట్టతను నవ్వినాడు. "ఇంట్లో ఉన్నట్టాంటిదే మళ్ళీ ఎందుకయ్యా?"

"ఒకటి చెడితే ఇంకొకటి ఉంటది" అన్నాడు హజరత్తయ్య. రేపు చూపు పోయినా ఆమె చేతులకు దారి తెలిసుండాలని ఆయన ఆలోచన. అది పైకి చెప్పే మాట కాదు. ఆదిశేషమ్మ గూడూరు దాకా రైలు కిటికీ వైపే తిరిగి కూర్చుంది.

మిల్లులో కరెంటు పనులు చూసే ముత్యాలయ్య రెండు మిషన్లనూ పక్కపక్కన బిగించినాడు. ఆమె కొత్తదాన్ని ముట్టుకోలేదు. చుక్కలమందు వేసుకుంటూ, నయమవుతుందని ఎదురుచూస్తూ కూర్చుంది. విడవలూరులో చెల్లెలు కామమ్మ కూతురి పెళ్ళికి పిలుపొస్తే, "కళ్ళు బాగైనాక పోతాలే, పిల్లను కళ్ళారా చూడొచ్చు" అని ఆగిపోయింది. డాక్టరన్న మాట హజరత్తయ్య అప్పుడూ చెప్పలేదు.

1963 వానలకు చూపు పూర్తిగా పోయింది.

కొన్నాళ్ళు మంచం దిగలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం గోడ పట్టుకొని వచ్చి, ఎన్నడూ ఆడని రెండో మిషను కడ్డీ లాగింది. గుండు గుబ్బలను కొట్టిన చప్పుడు, ఎడమ సందులో దొర్లిన చప్పుడు. చేతులు వాటంతట అవే బొత్తాలు నొక్కినాయి. గుండు పైకి లేచింది, మళ్ళీ లేచింది. వాకిట్లో నిలబడి చూస్తున్న హజరత్తయ్యకు ఏడుపొచ్చేంత సంతోషమైంది.

ఆమె ఆపేసింది. గుండు సందులో పడిపోయింది.

"నా చూపు పోతుందని ఇది కొన్నప్పటికే మీకు తెలుసు."

ఆయన గడప దాటి లోపలికొచ్చినాడు.

"ఆ కొట్లోనే తెలుసు. అందుకే కళ్ళు మూసుకున్నారు. నాకు తెలిసుంటే పెళ్ళికి పోయుందును. ఆ ఓడల బొమ్మ పెట్టుకొని ఉన్నన్నాళ్ళు చూసుకొనుందును. చూడాల్సినవన్నీ రేపటికి పెట్టుకొని కూర్చున్నానే!"

"నువ్వు దిగులు పడతావని, శేషమ్మా..."

"పడనియ్యాల్సింది."

ఆయన మద్రాసు పరుగెత్తినాడు. ఓడల మిషను అమ్ముడుపోయింది. దానికి దగ్గరగా ఉండే ఇంకొకటి, పడవల బొమ్మది, వెతికి తెచ్చి మూడోదిగా నిలబెట్టి, "నీలం రంగు నీళ్ళు, అందులో..." అని చెప్పబోయినాడు. ఆమె చెవులు మూసుకుంది. ఆ వారమే కామమ్మ మొగుడు వస్తే, ట్రంకుపెట్టె సర్దుకొని అతని వెంట విడవలూరు పోయింది.

నెలకోసారి హజరత్తయ్య పోయేవాడు. తిట్టేది కాదు. మిల్లు ఎట్లుందని అడిగేది, అన్నం పెట్టించేది. ఇంటికి రమ్మంటే మాత్రం మాట మార్చేది. ఒకసారి అడిగింది:

"ఇప్పుడు నా మొహం ఎట్లుంది?"

"చిక్కిపోయినావు. కళ్ళు గుంటలు పడినాయి. జుట్టు ముప్పాతిక నెరిసింది."

జుట్టు చేత్తో తడుముకొని, "మీకు బస్సు టైమైనట్టుంది" అంది.

1967లో ఆమెకు జ్వరం తగిలింది. కబురొచ్చేసరికి వానలకు రోడ్డు తెగి, బస్సులు లేవు. మోకాటిలోతు నీళ్ళలో నడిచి, పడవెక్కి, ఆయన విడవలూరు చేరేసరికి దహనం కూడా అయిపోయి, కామమ్మ ఇల్లు కడుగుతూ ఉంది. ఆయన్ను చూసి చీపురు పక్కన పెట్టి, కూర్చోమని పీట వేసింది. హజరత్తయ్య తడిబట్టలతో నిలబడే ఉన్నాడు.