బిలంలో ఇరుక్కున్న పిచ్చమ్మ

మా మేనత్త మాలకొండమ్మ జన్మలో ఒక్కసారే కొండ ఎక్కింది. దేవుడి కోసం కాదు, చేపల కోసం.

పంతొమ్మిది వందల అరవై రెండులో మామ సముద్రంలో వేటకు పోయి తిరిగి రాలేదు. ఆ పొద్దు పడవ దించుతుండగా, ఆయన పొగాకు మరిచాడని అత్త వెనకనుంచి కేకేసిందట. అంతే, మొగుణ్ణి వెనక్కి పిలిచి చంపుకుందన్నారు. ఆమె గంపలో ఎవరూ చేప వేయకూడదని ఊరికి పెద్దయిన కాపు ఓబయ్య కట్టడి పెట్టాడు. మైపాడు పక్క పల్లెల్లో చేపలమ్ముకునే గంప లేని ఆడది ఏం తిని బతుకుతుంది? వానలు పోయి ఎండలొచ్చేసరికి అత్త ఎముకల గూడయింది.

చివరికి ఓబయ్యే ఒక దారి చెప్పాడు. సంగం అవతల కొండలో బిలం ఉంది. ఇటు దూరి అటు బయటపడాలి. నడుమ రాయి బాగా ఇరుకు, పాపం చేసినవాళ్ళను పట్టేస్తుందట. ఆ నమ్మకం పుట్టించినవాడెవడో గాని, బక్కపలచటి మనిషై ఉంటాడు.

"దాటి వస్తే గంప నీదే," అన్నాడు ఓబయ్య.

"పోతా. ఇక్కడ ఎండి చచ్చేకన్నా అదే నయం," అంది అత్త.

తోడుగా స్నేహితురాళ్ళు నవోమి, పిచ్చమ్మ వెళ్ళారు. పిచ్చమ్మ లావుపాటి మనిషి. కట్టడిని కాదని అత్తకు చాటుగా కూడు పెట్టింది ఆమె ఒక్కతే. సాక్షిగా వచ్చిన ఓబయ్య బిలం అవతలి నోటి దగ్గర బొజ్జ వేసుకుని కూర్చున్నాడు.

లోపల గబ్బిలాల కంపు. లాంతరు వెలుగులో మోకాళ్ళ మీద పాకారు. ఇరుకులో అత్త పక్కకు తిరిగి ఇట్టే జారిపోయింది. వెనకే వచ్చిన పిచ్చమ్మ ఇరుక్కుపోయింది. ముందుకు రాదు, వెనక్కి పోదు.

"నేనేం పాపం చేసినానే మాలకొండా!" అని ఏడుస్తూ, గుర్తొచ్చినవన్నీ ఒప్పుకుంది. పక్కింటి కోడిగుడ్డు తిన్న సంగతి కూడా దాచలేదు.

"నోరు మూసి గాలి వదలవే. నీ కోడిగుడ్డు సంగతి రాయికేం తెలుసు?" అంటూ అత్త ఆమె చెయ్యి పట్టి లాగింది. వెనకనుంచి నవోమి, తాగడానికి తెచ్చుకున్న అంబలి పిచ్చమ్మ నడుం మీద ఒంపి తోసింది. భుజాలు గీరుకుపోయి, రవిక చినిగి, మధ్యాహ్నం తిరిగాక ముగ్గురూ వెలుగులో పడ్డారు.

ఓబయ్య అంతా విన్నాడు. "మాలకొండా, నీలో పాపం లేదని కొండే చెప్పింది. గంప ఎత్తుకో. ఈ పిచ్చమ్మ సంగతే ఇంక ఊళ్ళో తేల్చాల," అన్నాడు.

అత్తకు కావలసిన మాట వచ్చేసింది. ఊరుకుంటే చాలు. పక్కన పిచ్చమ్మ తలొంచుకుని, అంబలి కారే కొంగు పిండుకుంటోంది.

"నువ్విచ్చే గంప నాకొద్దు ఓబయ్య మామా," అంది అత్త. "నేను పుణ్యంతో దూరలా. మీరు పస్తులు పెట్టి ఎండగట్టినారు, అందుకని దూరినా. నాకు కూడు పెట్టినదాన్ని పాపిష్టిదనే రాయి నన్ను మంచిదంటే నాకేం గొప్ప? రాయి మాట అంత నిజమైతే, ఇదిగో బిలం. నువ్వూ దూరు."

ఓబయ్య బొజ్జ మీద తుండు సర్దుకుని, బస్సుకు వేళయిందన్నాడు.

మర్నాడు తెల్లారి రేవులో పడవలు దించుతున్నారు. అత్త ఖాళీ గంపతో వెళ్ళి నిలబడింది. పిచ్చమ్మ మొగుడు ముత్యాలయ్య పడవ నీళ్ళలోకి పోతుండగా, ఊరంతా వినేటట్టు పిచ్చమ్మ వెనకనుంచి కేకేసింది.

"ఏమయ్యో, ఆగు! పొగాకు మరిచినావు!"

పడవలు దించుతున్న మగవాళ్ళంతా ఇటు తిరిగారు. ముత్యాలయ్య ఆగి, భార్యను చూశాడు, అత్తను చూశాడు. వెనక్కి నడిచొచ్చి పొగాకు తీసుకుని పోయాడు.

అత్త, పిచ్చమ్మ, నవోమి ముగ్గురూ ఇంటికి పోలేదు. ఎండలో ఇసుక మీదే కూర్చుని సముద్రాన్ని చూస్తూ ఉండిపోయారు. పొద్దు వాలేవేళ పడవ ఒడ్డుకు వచ్చింది. ముత్యాలయ్య దిగి, ఓబయ్య చూస్తుండగా, మొదటి చేపలు మా అత్త గంపలో పోశాడు.