మాస్టారు వెనక్కి వేసిన రెండడుగులు

మా సోషల్ మాస్టారు పోయారు. మొన్న గురువారం పొద్దున్న నేను రెండో తరగతి పిల్లల హాజరు వేస్తుంటే పిన్నిగారు ఫోన్ చేశారు. మాస్టారి భార్యని ఊళ్ళో అందరం పిన్నిగారనే అంటాం. "అమ్మాయ్, మాస్టారు వెళ్ళిపోయారు. కాఫీ చల్లారిపోతోంది లేవండీ అని పిలిస్తే పలకలేదు" అన్నారు. ఏడవలేదు. "పిల్లల్ని గాలికొదిలేసి పరిగెత్తుకు రాకు, ఎవరికైనా అప్పజెప్పి రా" అని కూడా అన్నారు. అంతకాలం ఆయనతో కాపరం చేసిన మనిషికి ఆ క్షణంలో కూడా బడే ముందు గుర్తొచ్చింది.

మీలో కొందరు మాస్టారిని ఒక వీడియోలో చూసే ఉంటారు. సన్మాన వేదిక మీద ఎమ్మెల్యేగారు పాదాలకి దండం పెట్టబోతే రెండడుగులు వెనక్కి వేసిన ముసలాయన ఆయనే. "ఎంత పొగరో చూడండి" అని కొందరు, "ఎవరో డబ్బిచ్చి చేయించారు" అని కొందరు దాని కింద రాశారు. అది మధ్యలో కత్తిరించిన, అరనిమిషం కూడా లేని వీడియో. అంతకు ముందేం జరిగిందో, మధ్యలో మాస్టారేం అడిగారో అందులో లేదు. చివర్లో మాత్రం మైకులో ఒక ఆడగొంతు వినిపిస్తుంది. ఆ గొంతు నాది. ఆ సంగతి ఒప్పుకోకుండా ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాసే అర్హత నాకు లేదు.

కాలువ అవతల హైస్కూల్లో ఆయన దగ్గర నేను మూడేళ్ళు చదువుకున్నాను. ఇప్పటి ఎమ్మెల్యేగారు నాకంటే నాలుగేళ్ళు ముందు అదే బడిలో, ఆయన దగ్గరే చదివారు. మాస్టారు బెత్తం పట్టగా ఎవరూ చూడలేదు. ప్రశ్న వేసి, కళ్ళజోడు తీసి, పంచె అంచుతో అద్దాలు తుడవడం మొదలుపెట్టేవారు. జవాబు వచ్చేదాకా తుడుస్తూనే ఉండేవారు. క్లాసంతా నిశ్శబ్దం. బెత్తం దెబ్బ తిన్నా బాగుండేదని మాకు అనిపించేది. తోచింది చెప్పినా వినేవారు, తెలీదన్నా వినేవారు. "తెలీదండీ అన్నవాడికి నేర్పచ్చు. నవ్వి ఊరుకున్నవాడికి ఏం నేర్పుతాం?" అనేవారు.

రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. కాలువ గట్టు మీది హోటల్లో పెసరట్టు తింటూ, పక్కవాడి చేతిలో పేపరు లాక్కుని చదివేవారు. సర్పంచి కనిపిస్తే సర్పంచిని, కరెంటాయన కనిపిస్తే కరెంటాయన్ని ఏదో ఒకటి అడిగి నిలబెట్టేసేవారు. ఆయన్ని దూరం నుంచి చూసి సందు తిరిగిపోయినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇంట్లో కూడా అంతే. కూరలో ఉప్పు తక్కువైతే ఎందుకు తక్కువైందని అడిగేవారట. "కారణం తర్వాత చెప్తాను, ముందు ఉప్పు వేసుకోండి" అనేవారట పిన్నిగారు.

రెండేళ్ళ కిందట రొయ్య ధర పడిపోయింది. బయటి దేశాల్లో కొనేవాళ్ళు లేరన్నారు, మాంద్యం అన్నారు. మా చుట్టుపక్కల చాలా చెరువులు ఎండబెట్టేశారు. భీమవరం ఐసు ఫ్యాక్టరీల్లో పనిచేసే మా వీధి మగవాళ్ళు ఒక్కొక్కరే ఇంటికొచ్చేశారు. అంతదాకా పసుపు బస్సెక్కి కాన్వెంటుకి వెళ్ళిన పిల్లలు ఫీజులు కట్టలేక మా ప్రాథమిక పాఠశాలకి వచ్చారు. గదులు నిండి వరండాలో కూర్చోబెట్టాం. సరిగ్గా అప్పుడే, ఆదాయం తగ్గిందని బడుల నిధులు కోశారు. రిటైరైన టీచరు స్థానంలో ఇంకొకరిని వెయ్యలేదు. కడుతున్న రెండు గదులు శ్లాబు పడకుండా చువ్వలతో ఆగిపోయాయి. ఆఖరికి మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని కాలువ అవతల హైస్కూల్లో కలిపేశారు. వాన పెరిగాక చేతిలో గొడుగు లాక్కున్నట్టయింది మా పని.

ఆ హైస్కూలుకి వెళ్ళాలంటే కాలువ మీది లాకుల వంతెన దాటాలి. ఇరుకు వంతెన. రొయ్యల మేత లారీలూ, ఇటుకల ట్రాక్టర్లూ దాని మీదే తిరుగుతాయి. ఎనిమిదేళ్ళ పిల్లలు రెండు పూటలా ఆ లారీల పక్కనే నడవాలి. మొదటి నెల తిరిగేసరికి మూడో తరగతిలో అయిదుగురు మానేశారు. వాళ్ళలో ఒక పిల్ల నా దగ్గర రెండో తరగతిలో అందరికంటే ముందు చదివేది. ఇప్పుడు ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకుని తిరుగుతోంది.

ఆ సంగతి తెలిసి మాస్టారు మా బడికొచ్చారు.

"ఎవరు చేశారమ్మా ఇది?"

"పైనుంచి ఆర్డరొచ్చిందండి."

"పైన అంటే? పైన ఫ్యానుంది. ఎవరో మనిషి చేసుంటాడు కదా. ఆ మనిషెవరు?"

నాకు తెలియదన్నాను. ఆయన ఇంటికి వెళ్ళి ఎమ్మెల్యేగారికి ఉత్తరం రాశారు. అలా మూడు రాశారు. ప్రతిసారీ పీఏ ఫోన్ చేసి "సార్ దృష్టిలో ఉందండి, తప్పకుండా చూస్తారండి" అన్నాడు. నాలుగోది రాసేలోగా అటునుంచే ఒక ఆహ్వానం వచ్చింది. గురుపూజోత్సవం నాడు ఎమ్మెల్యేగారి చేతుల మీదుగా మాస్టారికి సన్మానం. అడిగేవాడి నోరు మూయించడానికి శాలువా కంటే మెత్తనిది మనవాళ్ళు ఇంకా కనిపెట్టలేదు.

ఆ సభకి వ్యాఖ్యానం నాకప్పగించారు. "ఏ గొడవా లేకుండా సాఫీగా జరగాలండి, మీదే బాధ్యత" అన్నారు పై అధికారి. ఆ సాయంత్రమే మాస్టారింటికి వెళ్ళి బతిమాలాను.

"శాలువా కప్పించుకుని వచ్చెయ్యండి మాస్టారూ. అడిగేదేదో తర్వాత ఆయన ఆఫీసుకెళ్ళి అడుగుదాం."

"ఏంటమ్మా నీ కంగారు?"

"బదిలీ చేసేస్తారండి. మా అమ్మాయి ఇంటర్లో ఉంది."

కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. "సరే, నీ కారణం నువ్వు చెప్పావు. వాడి కారణం వాడూ చెప్తాడేమో చూద్దాం" అన్నారు.

మర్నాడు సభలో ఎమ్మెల్యేగారు చేతిలో శాలువా కుర్చీ మీద పెట్టి, ముందు పాదాలకి దండం పెట్టబోయారు. మాస్టారు రెండడుగులు వెనక్కి వేశారు. వంగిన మనిషి చేతులు వేదిక ఖాళీ చెక్కల మీద ఆనాయి.

"లే బాబూ. దండం తర్వాత పెడుదువుగాని" అన్నారు మాస్టారు. మైకు దగ్గరగానే ఉంది, అందరికీ వినపడింది. "మా ఊరి మూడో తరగతి పిల్లలు కాలవ దాటి ఎందుకు నడుస్తున్నారు? అది చెప్పు ముందు."

ఎమ్మెల్యేగారు లేచి నవ్వారు. "మాస్టారండీ, మీకు తెలీనిదేముంది? మాంద్యం కదండీ. ఆదాయం లేదు. అందరికీ కష్టకాలమే."

"మాంద్యం నువ్వు తెచ్చావని నేననట్లేదు. తగ్గించాల్సొచ్చింది, నిజమే. ముందు దేన్ని తగ్గించాలని మాటొచ్చినప్పుడు అసెంబ్లీలో కూర్చుని చెయ్యెత్తిన వాళ్ళలో నువ్వున్నావు. బడిని కొయ్యడానికే ఎత్తావు. ఎందుకెత్తావు?"

ఆయన మళ్ళీ నవ్వారు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. ఆ నిశ్శబ్దం నాకు తెలుసు. అది భరించలేకపోయానా, బదిలీకి భయపడ్డానా, రెండూనా, ఇప్పటికీ చెప్పలేను. మైకు నోటి దగ్గర పెట్టుకుని "ఇప్పుడు మన చిన్నారుల నృత్య ప్రదర్శన" అన్నాను. పాట మొదలైంది. మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని, నా వైపు ఒక్కసారి చూసి, వేదిక దిగి వెళ్ళిపోయారు. శాలువా కుర్చీ మీదే ఉండిపోయింది.

రెండు రోజులు ఆయన ఇంటి ముందు నుంచి వెళ్ళడం మానేశాను. మూడోరోజు వెళ్ళి అరుగు మీద కూర్చుని ఏడ్చాను. పిన్నిగారు మజ్జిగ ఇచ్చారు. అది తాగాక మాస్టారు "నువ్వు చేసిందే నేనూ చేశానమ్మా ఒకప్పుడు" అన్నారు.

ఎమ్మెల్యేగారు ఎనిమిదో తరగతిలో ఉండగా మాస్టారు ఆయన్ని ఏదో ప్రశ్న అడిగారట. కుర్రాడు లేచి నవ్వాడట. వాళ్ళ నాన్న ఆ చుట్టుపక్కల పెద్ద రైతు, బడికి బల్లలు చేయించి ఇచ్చినాయన, ఆ పూట హెడ్మాస్టరు గదిలోనే కూర్చుని ఉన్నాడట. "నాకప్పుడు కొత్త ఉద్యోగం. సరే కూర్చో బాబూ అనేశాను. నవ్వితే చాలు, కూర్చోమంటారని వాడికి ఆ రోజే తెలిసింది. నేర్పింది నేనే."

"దండమైనా పెట్టనివ్వాల్సింది మాస్టారూ. జనం ఏవేవో అంటున్నారు" అన్నాను.

"వంగినవాడి మొహం కనపడదమ్మా. మొహం చూడకుండా జవాబెలా వినను?"

ఆ తర్వాతి సోమవారం నుంచి మాస్టారు పిల్లలతో నడవడం మొదలుపెట్టారు. పొద్దున్నే రామాలయం దగ్గర నిలబడి అందర్నీ పోగుచేసి, వంతెన మీద లారీ వైపు తను నడుస్తూ, పిల్లల్ని పిట్టగోడ వైపు నడిపించేవారు. సాయంత్రం మళ్ళీ వెళ్ళి తీసుకొచ్చేవారు. డెబ్భై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు. మీకెందుకండీ ఈ వయసులో అంటే, "నేను కూర్చోబెట్టినవాడు వీళ్ళని నడిపిస్తున్నాడు. నేను ఇంట్లో ఎలా కూర్చోను?" అన్నారు. మానేసిన అయిదుగురిలో ముగ్గురు మళ్ళీ బడికొచ్చారు. నా దగ్గర చదివిన పిల్ల రాలేదు. ఆ పిల్ల ఇంటికి కూడా వెళ్ళారు మాస్టారు. తను కూలికెళ్తే తమ్ముణ్ణి చూసేవాళ్ళు లేరని తల్లి చెప్పింది విని వచ్చేశారు.

ఈ చలికాలం దగ్గు పట్టుకుంది. డాక్టరు మంచు వేళ బయట తిరగొద్దన్నాడు. తిరిగారు. మంచం పట్టాక కూడా సాయంత్రం అయ్యేసరికి "దాటారా?" అని అడిగేవారు. పిన్నిగారు గుమ్మంలోకి వెళ్ళి వీధిలో చూసి వచ్చి "దాటారు, అందరూ వచ్చేశారు" అని చెప్పాకే మందు వేసుకునేవారు. ఎమ్మెల్యేగారు పళ్ళబుట్ట పంపించారు ఒకసారి. అడిగినదానికి జవాబు మాత్రం రాలేదు. "రాస్తాడేమోలే, వాడికి తీరికుండదు" అన్నారు. అప్పటికీ ఆయనకి ఆశ ఉంది.

గురువారం నేను వెళ్ళేసరికి హాల్లో చాప మీద పడుకోబెట్టారు. కూతురు కాకినాడ నుంచి రావాలి. పదకొండింటికి వీధిలో కార్లాగాయి. ఎమ్మెల్యేగారు పెద్ద పూలదండతో లోపలికొచ్చారు. వెనకే పీఏ, గన్‌మెన్. కిటికీల నిండా ఫోన్లెత్తి పట్టుకున్న చేతులు. దండ గుండెల మీద పెట్టి, పాదాల వైపు వచ్చి మోకాళ్ళ మీద వంగారు.

పిన్నిగారు రెండు చేతులూ చాపి మాస్టారి పాదాల మీద పెట్టేశారు.

"ఆగు బాబూ. ఆయన ఇప్పుడు వెనక్కి జరగలేరు" అన్నారు.

పిన్నిగారు ఆయన మొహంలోకి చూశారు. "నువ్వు చెప్తావని చూశారు. నిన్న కూడా అడిగారు, ఏవన్నా రాశాడా అని. ఇప్పుడు చెప్పు. చెప్పి ముట్టుకో" అన్నారు. గొంతులో కోపం లేదు. ఇంటికొచ్చినవాడికి మంచినీళ్ళు కావాలా అని అడిగినంత మామూలుగా అడిగారు.

పీఏ నా పక్కకొచ్చి "మేడమ్, మీరైనా పెద్దావిడకి చెప్పండి" అన్నాడు. "నేను చెప్పను" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినపడింది.

ఎమ్మెల్యేగారి మొహం మీద ఈసారి నవ్వు లేదు. తల వంచుకుని, పక్కనున్న మాకు మాత్రమే వినపడేట్టు, "బడైతే ఎవరూ గొడవ చెయ్యరనుకున్నామండి" అన్నారు.

నిజమే చెప్పారు. మిగతా ఎక్కడ కోత పెట్టినా రోడ్డెక్కేవాళ్ళున్నారు. ఎనిమిదేళ్ళ పిల్లలు ఎక్కరు, వాళ్ళ టీచర్లు పాటలు పెడతారు.

"కొంచెం గట్టిగా చెప్పు బాబూ, ఆయనకి సరిగ్గా వినపడదు" అన్నారు పిన్నిగారు.

ఆయన కిటికీల వైపు చూశారు. ఫోన్లన్నీ ఇటే ఉన్నాయి. లేచి, దూరం నుంచే చేతులు జోడించి, వచ్చినదారినే వెళ్ళిపోయారు. కార్లు కదిలాయి. ఆయన గట్టిగా అనలేకపోయిన మాట నేను ఇక్కడ రాస్తున్నాను. దీనికి నాకు మెమో వస్తుందని తెలుసు, రానివ్వండి.

మధ్యాహ్నం కూతురొచ్చింది. స్నానానికి నీళ్ళు తోడారు, బయట పాడె కర్రలు కట్టడం అయిపోయింది. ఎవరో వచ్చి "ఇంక లేవాలి పిన్నిగారూ" అన్నారు. అప్పటిదాకా ఆవిడ రెండు చేతులూ ఆ పాదాల మీదే ఉన్నాయి.