అద్దాల మండపానికి పీచు తాళ్ళు

2007 జనవరి 28, ఆదివారం, ఉదయం. పలాస. కల్యాణ మండపం ముందు.

హాజరైనవారు: మా చెల్లెలు, ఆమె భర్త, అంటే మా బావ, పెళ్లి నిశ్చయమైన వాళ్ళ చిన్నమ్మాయి, సైన్‌బోర్డులు రాసే పెయింటరు, నేను.

రైల్వేలో చేరిన నాటి నుంచి డైరీ రాయడం నాకు అలవాటు. ముందు తేదీ, తర్వాత ఎవరెవరున్నారు, ఆ తర్వాతే ఏం జరిగిందీ. ఎన్నో ఏళ్ళు సుమ్మాదేవి లాంటి చిన్న స్టేషన్లలో మాస్టరుగా పనిచేసినవాడికి వేరే పద్ధతి చేతకాదు. రిటైరయ్యాక రాయడానికి ఏముంటుందని మా ఇంట్లోవాళ్ళు నవ్వేవారు. ఆ చలికాలంలో మాత్రం నా డైరీ నిండా పక్షులే.

ఆ ఆదివారం మేం తేల్చుకోవలసింది ఒక్కటే. మా మేనకోడలి పెళ్లి ఆ మండపంలో జరుగుతుందా, జరగదా? మర్నాడు పొద్దున్న టెక్కలి నుంచి మగపెళ్లివారు మండపం చూసుకోవడానికి వస్తున్నారు. బావ దాన్ని కట్టిందే అందులో మొదటి పెళ్లి తన కూతురిది కావాలని. మా చెల్లెలేమో ఆ గుమ్మంలో అడుగు పెట్టనని కూర్చుంది. తమ ఇంటి పెరట్లో పందిరి వేసి పెళ్లి చేస్తానుగానీ ఇక్కడ చెయ్యనంది.

బావది ఉద్దానంలో, కవిటి పక్క కొబ్బరితోటల ఊరు. కుర్రతనంలో పలాస వచ్చి, జీడిపిక్కల బట్టీలో పనికి కుదిరి, తర్వాత సొంత వ్యాపారం పెట్టుకున్నాడు. సంపాదించినదంతా ఒకచోట కనబడాలని ఆయన కోరిక. మూడంతస్తుల మండపం కట్టి, ముందు భాగమంతా విశాఖపట్నం నుంచి తెప్పించిన నీలం అద్దాలు బిగించాడు. బయట నుంచి చూస్తే లోపలిది కనబడదు, మన మొహమే మనకు కనబడుతుంది. ఆటోవాళ్ళు ఆగి క్రాపు దువ్వుకునేవారు. రోడ్డుకు అటువైపు పాత జీడితోట ఉంది. పొద్దున్న ఎండ పడితే తోట మొత్తం, పైన ఆకాశంతో సహా, అద్దంలోకి దిగేది.

పరంజా విప్పేసిన కొద్ది రోజులకే పిట్టలు రాలడం మొదలైంది. పొద్దున్నే ఊడ్చే మనిషి మెట్ల కింద ఒక గోరింకను ఎత్తి పారేసింది. మర్నాడు ఒక పికిలి పిట్ట. తర్వాత ఒక గువ్వ, మెడ వాల్చేసి, రెక్కల మీద మెరుపు ఇంకా పోకుండా. మొదట పిల్లి పని అనుకున్నారు. ఆ తర్వాత అందరి ఎదుటే, మధ్యాహ్నం పూట, ఒక రామచిలక నేరుగా వచ్చి అద్దాన్ని గుద్దుకుని పడింది.

బావ దాన్ని దిష్టి అన్నాడు. నాలుక బయటపెట్టిన రాక్షసుడి బొమ్మ ఒకటి, బూడిద గుమ్మడికాయ ఒకటి కట్టించాడు. పిట్టలు రాలుతూనే ఉన్నాయి. ఎవరో చెబితే గద్ద బొమ్మ స్టిక్కరు తెచ్చి అద్దం నడుమ అంటించాడు.

"ఏటి బావా, గద్ద కాపలా ఎలగుంది?" అని అడిగాను ఒకరోజు. మేమిద్దరం ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం.

"ఏటి సెప్పమంతావు? గద్ద రెక్క పక్కనే గుద్దుకుని సచ్చింది గోరింక. ఆ గద్దకి సిగ్గు నేదు, ఆ గోరింకకి బుద్ధి నేదు."

ఆ తర్వాత జరిగింది మా చెల్లెలి పని. మా ఇళ్ళలో కోతలయ్యాక కొత్త వరి కంకులు కుచ్చుగా అల్లి, పిచ్చుకల కోసం వసారాలో వేలాడదీస్తారు. మా అమ్మ చేసేది, చెల్లెలూ చేస్తుంది. చచ్చిన పిట్టల పాపం కొంతైనా తగ్గుతుందని, ఆ ఏడాది నాలుగు పెద్ద కుచ్చులు అల్లి మండపం పోర్టికోలో కట్టింది. అద్దాలకు జానెడు దూరంలో. పిచ్చుకలు గుంపులుగా వచ్చాయి. తిన్నంతసేపు తిని, ఏదైనా చప్పుడైతే బెదిరి తోటలోకి ఎగిరేవి. ఎగిరేది నిజం తోటలోకి కాదు, దగ్గరగా కనిపించే అద్దంలోని తోటలోకి. ఒక పొద్దున్న చెల్లెలు వెళ్ళేసరికి ఆమె కట్టిన కుచ్చు కిందే రెండు పిచ్చుకలు పడి ఉన్నాయి. ఒకదాని ముక్కున వడ్లగింజ అలాగే ఉంది.

కుచ్చులు తెంపి ఒళ్ళో పెట్టుకుని ఇంటికి వచ్చేసింది. "పిలిసి అన్నం పెట్టి సంపినట్టయింది అన్నియ్యా," అంది నాతో. "ఆ గడప మీద నా పిల్ల పెళ్లి సెయ్యను. దాని సంసారం అలగ మొదలవడానికి నాను ఒప్పను."

నేను మర్నాడే ఒక కుర్చీ పట్టుకెళ్ళి జీడితోట అంచున, పిట్టలు బయలుదేరే చోట కూర్చున్నాను. అక్కడ నుంచి చూస్తే మండపం లేదు. ఎదురుగా ఇంకో తోట ఉంది, అంతే. జీడిపూత కూడా కనిపిస్తోంది. ముప్పై ఏళ్ళు సిగ్నళ్ళ మధ్య బతికినవాడికి ఇంతకన్నా ఏం చెప్పాలి? డ్రైవరు తప్పేమీ లేదు. ముందు లైను మూసి ఉందని చెప్పే గుర్తు లేకపోవడమే తప్పు. పిట్టను భయపెట్టనక్కర్లేదు, దానికి శాంతి చెయ్యనక్కర్లేదు. ఇక్కడ దారి లేదని కనబడేలా చేస్తే చాలు.

ఏం కట్టాలో కూడా ఆ కుర్చీలోనే తేలింది. అప్పుడు పెయింటరు మండపం పేరు రాయడానికి కుడివైపు పరంజా కట్టుకున్నాడు. వెదుళ్ళు, వాటి నుంచి వేలాడే తాళ్ళు. ఆయన పని నడిచినన్నాళ్ళూ ఆ వైపు ఒక్క పిట్ట రాలలేదు. ఎడమవైపు మామూలే. మండపం కట్టేటప్పుడు కూడా అద్దాలు బిగించాక పరంజా కొన్నాళ్ళు ఉంది, అప్పుడూ ఏమీ కాలేదు. గద్ద ఒక్కచోటే ఉంటుంది, దాని పక్క నుంచి దూరిపోవచ్చని పిట్ట అనుకుంటుంది. తాళ్ళు అద్దం పొడుగునా ఉంటే దూరే సందు ఉండదు.

పెయింటరు పరంజా విప్పగానే కుడివైపు కొబ్బరిపీచు తాళ్ళు కట్టించాను. పై పిట్టగోడ నుంచి కింది దాకా నిలువుగా, అద్దానికి కాస్త ఎడంగా, తాడుకూ తాడుకూ మధ్య అరచెయ్యి వెడల్పు మించకుండా. మొదటి సాయంత్రమే సముద్రపు గాలికి జడలా చిక్కుపడ్డాయి. కింది కొసలన్నీ ఒక ఇనప ఊచకు కట్టించేసరికి కుదురుగా నిలబడ్డాయి. ఎడమవైపు అద్దం అలాగే వదిలేయమన్నాను. రెండు పక్కలూ పోల్చి చూస్తే తప్ప నేనూ నమ్మను, ఎవర్నీ నమ్మమని అడగను. రెండు వారాలు గడిచాయి. ఎడమవైపు పిట్టలు రాలాయి. కుడివైపు రాలలేదు.

ఇప్పటికీ నాకు ఇందులో అనుమానం లేదు. విశాఖపట్నం వెళ్ళినప్పుడల్లా అద్దాల మేడలు చూస్తాను. వాటి కింద తెల్లవారకముందే ఊడ్చేస్తారు కాబట్టి ఎవరికీ తెలియదు. తాళ్ళే కావాలని లేదు. గీతలు గీసినా, చుక్కలు పెట్టినా, జాలీ బిగించినా అదే పని జరుగుతుంది. బయటవైపు ఉండాలి, దగ్గర దగ్గరగా ఉండాలి. కట్టేటప్పుడే ఆలోచిస్తే అది అందంగా కూడా ఉంటుంది.

ఆదివారం అసలు తగాదా ఆ అందం దగ్గరే వచ్చింది.

"పిట్టలు పడ్డం నేదు, ఒప్పుకున్నాను బావా," అన్నాడు బావ మెట్ల మీద నిలబడి. "గానీ సూడు. ఇటేపు అద్దం, అటేపు పశువుల సాల. రేపు మగపెళ్లోరు వచ్చి, ఇదేటండీ తడిక అంటే నానేటి సెప్పాల?"

"తాళ్ళకి నీలం రంగు కొట్టీమంటారేటి?" అన్నాడు పెయింటరు. "అద్దంలో కలిసిపోతాయి."

"కలిసిపోతే ఇంక కట్టడం దేనికి?" అన్నాను. "పిట్టకి కనబడాల కదా."

మేనకోడలు నవ్వింది. "నాన్నా, పెళ్ళికి ఎలాగూ బంతిపూల దండలు యేలాడగడతారు. తాళ్ళు ముందే ఉంటే డెకరేషనోళ్ళకి సగం పని తప్పుతాది."

"నోర్ముయ్యే గుంటా! నీ పెళ్ళికి నువ్వే కాంట్రాక్టరేటి?" అన్నాడు గానీ, ఆయన మొహంలో నవ్వు లేదు. నావైపు తిరిగాడు. "మా యమ్మ బతుకంతా పీచు తాడు పేనింది. ఆవిడ అరసేతులు నువ్వు సూడనేదు బావా. ఆ తాళ్ళు ఇడిసిపెట్టి వచ్చి ఈ అద్దాలు కట్టాను. ఇప్పుడు వాటినే తెచ్చి దీని మొకానికి కట్టమంతావు. మా ఊరోళ్ళు సూత్తే ఏటనుకుంతారు? ఎంత ఎదిగినా తాడు వదల్నేదు అనుకోరా?"

పిట్టల గురించి అడిగితే చెప్పగలను, ఇది వేరు. జవాబు చెప్పింది మా చెల్లెలు. అప్పటిదాకా రోడ్డు అంచునే నిలబడి ఉంది, ఆవరణలోకి కూడా రాలేదు.

"తాడు పేనిన సేతుల్తోనే కదా మిమ్మల్ని పెంచింది. దానికి సిగ్గుపడతారేటి? సిగ్గుపడితే ఆ పిచ్చుకలకి పడండి. మీ అద్దం మీకు కావాలంటే అలగే ఉంచుకోండి. పందిరి మన పెరట్లో ఏయిత్తాను."

బావ మెట్లు దిగి, ఎడమవైపుకని నేను తెప్పించి పెట్టిన తాళ్ళ మోపుల దగ్గరికి వెళ్ళాడు. ఒక తాడు కొస తీసి బొటనవేలితో నలిపి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. దాన్ని పక్కకు గిరవాటేశాడు.

"ఎవుడమ్మాడు నీకిది? పీచు సరిగ్గా నాననేదు. వానాకాలం దాకా కూడా ఆగదు. బావా, నువ్వు రైళ్ళ సంగతి సూసుకో. తాడు సంగతి నాను సూసుకుంతాను."

కవిటి పక్క తన వాళ్ళకు ఫోను చేశాడు. మధ్యాహ్నానికి ఆటోలో కొత్త మోపులు దిగాయి. సన్నగా, గట్టిగా, మంచి రంగులో ఉన్నాయి. కుడివైపు నేను కట్టించినవి కూడా విప్పించేశాడు. పెయింటరు మళ్ళీ కట్టుకున్న పరంజా మీద, బావ కింద, సాయంత్రం దాకా కట్టారు. ఒకచోట పురి వదులైన తాడు కనబడితే చొక్కా చేతులు మడిచి, తొడ మీద పెట్టి తనే పేనాడు. ఆయన చేతులు ఆ పని మరచిపోలేదు. మేనకోడలు అలా చూస్తూ ఉండిపోయింది. తండ్రి తాడు పేనడం ఆ పిల్ల ఎప్పుడూ చూడలేదట. చెల్లెలు మాత్రం మెత్తబడలేదు. "రేపు పొద్దున్న సూసి సెప్తాను," అని ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు, సోమవారం. మంచు ఇంకా విడవకముందే నేను వెళ్ళేసరికి చెల్లెలు అప్పటికే అక్కడ ఉంది. గోడ వారనే ఈ చివర నుంచి ఆ చివర దాకా నడుస్తూ, క్రోటన్ కుండీల వెనక, మెట్ల సందుల్లో వంగి చూస్తోంది. ఏమీ లేదు. మరొకసారి మొదటి నుంచి వెతికింది. ఎండ అద్దం మీద పడే వేళకు జీడితోటలోంచి రామచిలకల గుంపు అరుచుకుంటూ లేచింది. మామూలుగానే నేరుగా మండపం మీదికి వచ్చింది. చెల్లెలు నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. తాళ్ళు ఇంక కాస్త దూరంలో ఉన్నాయనగా గుంపంతా ఒక్కసారిగా పైకి లేచి, పిట్టగోడ దాటి వెళ్ళిపోయింది. కాసేపటికి ఒక పికిలి పిట్ట ఒంటరిగా వచ్చి, తాడు పట్టుకుని వేలాడి, అద్దంలో తనను తాను చూసుకుని, తోటలోకి తిరిగిపోయింది. చెల్లెలు నా మోచెయ్యి వదిలింది.

తొమ్మిదింటికి టెక్కలి వాళ్ళ జీపు వచ్చింది. పెళ్లికొడుకు తల్లి దిగి, తలెత్తి చూసి, "ఇదేటి వదినా, అద్దాలకి తాళ్ళేటి?" అంది.

నేను నోరు తెరిచేలోపే బావ అందుకున్నాడు. "మా ఉద్దానం పీచమ్మా. పిట్టలు అద్దం గుద్దుకోకుండా నానే దగ్గరుండి కట్టించాను. పలాసలో ఇంకెక్కడా నేదు, కావాలంతే తిరిగి సూడండి."

ఆవిడ ఒక తాడు పట్టుకుని లాగి చూసింది. "మంచి పనే సేసారు. మా పక్కకి కొంగలొత్తాయి కదా, సెట్టు మీద గూడుంటే కొమ్మ నరకనియ్యరు మావోళ్ళు," అంది.

చెల్లెలు చెప్పులు మెట్ల కింద విడిచింది. "రండి వదినా, లోపల సూద్దురు గాని," అని, మూసి ఉన్న తలుపు తనే తోసి, అందరికంటే ముందు లోపలికి నడిచింది.